కోడ్ రాకున్నా సరే.. లెక్క రావాలి!

దసరా పోయిందంటే మా నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. వంట గిన్నెలు, బియ్యం మూటలు, చంటిపిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి చెరకు నరికే పనులకు పోతాయి. కొందరు జహీరాబాద్ వైపు, కొందరు కర్ణాటకకు, ఇంకొందరు మహారాష్ట్రకు. మళ్లీ ఊరి ముఖం చూసేది ఎండాకాలంలోనే. పోయే ముందు అడ్వాన్స్ తీసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు మేస్త్రీ పుస్తకం తెరిచి లెక్క చెబుతాడు. ఎన్ని టన్నులు నరికారు, మధ్యలో ఖర్చీ కింద ఎంత వాడుకున్నారు, ఇంకా ఎంత బాకీ.. ఆ పుస్తకంలో ఏముంటే అదే లెక్క. కూలీ చేతిలో తనదంటూ మరో లెక్క ఉండటం అరుదు.

ఏఐ గురించి చెబుతాడనుకుంటే చెరకు గురించి చెబుతున్నాడేంటి అనుకుంటున్నారా? రెండింటికీ సంబంధం ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: 'అన్నా, నాది బీకామ్. కోడింగ్ రాదు. ఏఐతో ఎవరైనా యాప్ చేయొచ్చంటున్నారు, నిజమేనా? నేర్చుకుంటే జాబ్ వస్తదా?'

మొదటి ప్రశ్నకు నా జవాబు: సగం నిజం. రెండోదానికి జవాబు: ఏం నేర్చుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ రెండు జవాబుల వెనక ఉన్న సంగతే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నా.

మారింది ఏమిటి?

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది. అప్పట్లో దాన్ని వ్యాసాలు, లెటర్లు రాయించుకోవడానికే ఎక్కువ మంది వాడారు. తర్వాత ఈ మోడళ్లు ప్రోగ్రామ్‌లు రాయడంలో బాగా ముదిరాయి. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతీ అనే ప్రముఖ ఏఐ పరిశోధకుడు 'వైబ్ కోడింగ్' అనే మాట వాడారు. కోడ్ వైపు చూడకుండా, కావాల్సింది మామూలు మాటల్లో చెబుతూ, వచ్చినదాన్ని నడిపించి చూస్తూ పోవడమే వైబ్ కోడింగ్. అదే ఏడాది కాలిన్స్ డిక్షనరీ దాన్ని ఈ ఏటి మాటగా ఎంచుకుంది. ఇప్పుడు క్లాడ్, జెమినీ, చాట్‌జీపీటీలతో పాటు రెప్లిట్, లవబుల్, బోల్ట్ లాంటివి కూడా ఉన్నాయి. మీరు ఇంగ్లిష్‌లోనో, తెలుగులోనో వివరంగా రాస్తే చాలు, కాసేపట్లో తెరమీద నడిచే నమూనా కనబడుతుంది. దాన్నే ప్రోటోటైప్ అంటాం.

ఇలాంటి మార్పు ఇదే మొదటిసారి కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి పర్సనల్ కంప్యూటర్లకు విసికాల్క్ అనే మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ తెచ్చారు. అంతకుముందు కంప్యూటర్‌తో లెక్క చేయించాలంటే ప్రోగ్రామర్ దగ్గరికి పోవాల్సిందే. స్ప్రెడ్‌షీట్ వచ్చాక అకౌంటెంటే తన లెక్క తాను కట్టుకున్నాడు. అకౌంటెంట్లు ప్రోగ్రామర్లు కాలేదు, ప్రోగ్రామర్ల పనీ పోలేదు. కానీ ఎక్సెల్ రాని అకౌంటెంట్‌కు మాత్రం పని దొరకడం కష్టమైంది. బీకామ్ వాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

మన జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఝరాసంగం మండలం మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపే రేడియో అది. అదే సంస్థలోని పల్లె మహిళలు కెమెరాలు పట్టి తమ సాగు గురించి, విత్తనాల గురించి సినిమాలు కూడా తీశారు. వాళ్లు ఇంజినీర్లు కాదు. బడి చదువు కూడా పెద్దగా లేనివాళ్లే ఎక్కువ. మైకు ఎట్లా పట్టాలి, రికార్డింగ్ ఎట్లా చేయాలి అన్నవి నేర్చుకున్నారు. కానీ మైకు ముందు ఏం చెప్పాలో వాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని పడలేదు. ఏ విత్తనం ఏ నేలలో నిలుస్తుందో వాళ్లకు ముందే తెలుసు.

ఏఐ విషయంలోనూ అంతే. వాడే పద్ధతి కొన్ని వారాల్లో వస్తుంది. దానితో ఏం చేయించాలన్నది మాత్రం మీ దగ్గర ఉండాలి.

ఇంజినీర్ చేసిన తప్పు

ముందు నా బోర్లా పడ్డ కథ చెబుతా. మా బంధువుల్లో ఒకాయనకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. నాకు బాబాయి వరస. రైతులు వానకాలంలో ఉద్దెర తీసుకుపోయి, పత్తి, సోయా అమ్ముకున్నాక కడతారు. ఆ ఖాతా అంతా లావుపాటి పుస్తకంలో ఉండేది. 'ఇన్ని పుస్తకాలెందుకు బాబాయ్, నేను యాప్ చేసిస్తా' అన్నా. ఏఐతో ఒక్క ఆదివారంలో తయారుచేశా. పేరు కొడితే బాకీ వస్తుంది, కట్టగానే తగ్గుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నేనూ మురిసిపోయా.

మూడు వారాలయ్యాక ఒక రైతును బాకీ అడిగారు. ఆయన ముఖం మాడిపోయింది. 'మొన్ననే కట్టిపోతిని కదా సేటూ' అన్నాడు. నిజమే, కట్టాడు. కానీ ఆ డబ్బు అదే పేరున్న ఇంకో ఊరి రైతు ఖాతాలో జమైంది. యాప్ మనిషిని పేరుతోనే గుర్తుపడుతోంది మరి! నలుగురిలో ఆ రైతు మాట పోయింది. బాబాయి రెండు చేతులూ పట్టుకుని క్షమించమని అడిగాడు.

పాత పుస్తకం తీసి చూశా. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, ఊరి పేరు రాసి ఉన్నాయి. పదో తరగతి చదివిన బాబాయికి అది ఎందుకు రాయాలో తెలుసు. ఇంజినీరింగ్ చదివిన నేను 'ఇవి అనవసరం' అనుకుని వదిలేశా. ఏఐ కూడా నన్ను అడగలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, యాప్ చేయడంలో కష్టమైన భాగం కోడ్ కాదు. ఆ పని ఎట్లా జరుగుతుందో తెలియడం. అది తెలిసినవాళ్లు దుకాణంలో, పొలంలో, ఆఫీసు కౌంటర్ దగ్గర ఉంటారు. మీలో చాలామంది వాళ్ల పిల్లలే.

చెరకు లెక్కతో మొదలుపెడదాం

ఇప్పుడు చెరకు దగ్గరికి వద్దాం. కూలీ కుటుంబం తన లెక్క తాను రాసుకునే చిన్న యాప్ నమూనా చేయాలనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు? చాలామంది వెంటనే ఏఐ తెరిచి 'చెరకు కూలీలకు యాప్ చేసిపెట్టు' అని కొడతారు. అది రంగురంగుల బొమ్మలతో ఏదో ఒకటి ఇస్తుంది. అందులో మీ ఊరి లెక్క మాత్రం ఉండదు.

ముందు ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. చెరకు పనికి పోయొచ్చిన ఇద్దరు ముగ్గురితో కూర్చోండి. 'మీకు యాప్ కావాలా' అని అడగొద్దు. 'పోయినేడు లెక్క ఎట్లా అయింది? ఎక్కడ తేడా వచ్చింది?' అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అప్పుడు అసలు సంగతులు బయటపడతాయి. తూకం చీటీలో బరువు కిలోల్లో ఉంటుంది, కూలి మాత్రం టన్నుకింత అని మాట్లాడుకుంటారు. చీటీ కన్నడలోనో, మరాఠీలోనో ఉండొచ్చు. ఒక ట్రాలీ నింపేది నాలుగైదు జంటలు కలిసి, కాబట్టి పంచుకోవాలి. ఒకరికి జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు వాటా ఎట్లా? చేనులో సిగ్నల్ ఉండదు. చదవడం రానివాళ్లు అంకెలు మాత్రం గుర్తుపడతారు.

రెండో పని, ఇవన్నీ ఒక పేజీలో రాయడం. వాడేది ఎవరు, ఏ ఫోన్‌లో, రోజూ ఏం నమోదు చేస్తారు, చివరికి ఏ ఒక్క అంకె చూడాలనుకుంటున్నారు.. ఈ నాలుగూ ఉంటే చాలు. ఇక్కడ చూడాల్సిన అంకె ఒక్కటే: 'ఇవాళ్టికి నేను మేస్త్రీకి ఎంత బాకీ, లేదా నాకు ఎంత రావాలి?' ఏఐకి ఈ పేజీ మొత్తం ఇచ్చి, 'ఇప్పుడే చేయడం మొదలుపెట్టకు. ముందు నీకు అర్థం కానివి, నేను మరిచిపోయినవి ప్రశ్నలుగా అడుగు' అని చెప్పండి. నా అనుభవంలో ఈ ఒక్క వాక్యం సగం తప్పుల్ని ముందే ఆపుతుంది. నా దుకాణం యాప్‌కు ఈ మాట రాసి ఉంటే, 'ఒకే పేరుతో ఇద్దరుంటే ఏం చేయాలి' అని అడిగేదేమో!

మూడో పని, జవాబు ముందే తెలిసిన లెక్కతో పరీక్షించడం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు: అడ్వాన్స్ రూ.50,000, మధ్యలో ఖర్చీ రూ.8,000, టన్నుకు కూలి రూ.400, నరికింది 120 టన్నులు. కాగితం మీద కట్టండి. తీసుకున్నది 58,000, సంపాదించింది 48,000, బాకీ 10,000. ఇప్పుడు యాప్‌లో కొట్టండి. అది 2,000 బాకీ అని చూపిస్తే ఖర్చీని మరిచిపోయినట్టు. ఇంకోటి: ట్రాలీ బరువు 12,450 కిలోలు అని కొట్టండి. కూలి రూ.4,980 రావాలి. ఐదు జంటలైతే తలా 996. యాప్ ఒక్క ట్రాలీకి 49 లక్షల 80 వేలు అని చూపిస్తే అది కిలోల్ని టన్నులనుకుందన్న మాట. నవ్వొస్తుంది కానీ ఇలాంటివి నిజంగానే జరుగుతాయి. పెద్ద తప్పులు కంటికి కనబడతాయి కాబట్టి ఫర్వాలేదు. ఆ 2,000, 10,000 తేడా లాంటివే ప్రమాదం. చూడ్డానికి సరైనట్టే ఉంటాయి.

అందుకే అంటున్నా, కోడ్ రాకున్నా నడుస్తుంది, లెక్క మాత్రం మీకు రావాలి. సరైన జవాబు ఏదో మీకు తెలియకపోతే, యాప్ ఇచ్చిన జవాబు తప్పని మీకు చెప్పేవాళ్లు ఉండరు.

నాలుగో పని, దాన్ని వాడేవాళ్ల చేతిలో పెట్టి మీరు నోరు మూసుకోవడం. 'అక్కడ నొక్కు పెద్దమ్మా' అనొద్దు. ఎక్కడ ఆగిపోతున్నారో, ఏ బటన్ వెతుకుతున్నారో చూసి రాసుకోండి. ఆ రాసుకున్నదే తర్వాతి వెర్షన్‌కు దారి. మాటలతో నమోదు చేసేలా పెట్టాలనుకుంటే మన ఖేడ్ మాటతోనే పరీక్షించండి. తెలుగులో కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసిన మన మాట విని ఫోన్ ఏం రాసుకుంటుందో చూశాకే నమ్మండి.

గొప్పలు నమ్మొద్దు, భయమూ వద్దు

'ఏఐ ఉంటే పది రెట్లు వేగం' అని చెప్పే వీడియోలు చూస్తుంటారు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవమున్న 16 మంది డెవలపర్లతో ఒక ప్రయోగం చేసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు పని పూర్తవడానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రం ఏమిటంటే, తాము 20 శాతం వేగంగా చేశామని వాళ్లు అనుకున్నారు. అది తమకు బాగా తెలిసిన పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లపై చేసిన ప్రయోగం, మీ చిన్న నమూనాకు అదే లెక్క వర్తించకపోవచ్చు. కానీ వేగంగా పోతున్నట్టు అనిపించడం వేరు, నిజంగా పోవడం వేరు అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంఘటన. 2025 జులైలో జేసన్ లెమ్‌కిన్ అనే అమెరికా వ్యాపారవేత్త రెప్లిట్‌లో ఒక యాప్ చేస్తున్నారు. ఏమీ మార్చొద్దని ఆదేశించినా, అందులోని ఏఐ ఏజెంట్ ఆయన డేటాబేస్‌ను చెరిపేసింది. కంపెనీ సీఈఓ క్షమాపణ చెప్పి, రక్షణలు పెంచారు. అదే ఏడాది పరిశోధకులు లవబుల్‌తో చేసిన 1,645 యాప్‌లను పరిశీలిస్తే, 170 యాప్‌లలో వాడకందారుల సమాచారం బయటివాళ్లు చూసేలా ఉందని తేలింది. చేసినవాళ్లు దొంగలు కాదు. తాళం వేయాలని వాళ్లకు తెలియదు, అంతే.

కాబట్టి ఒక గీత గీసుకోండి. నమూనా చూపించడానికి, నేర్చుకోవడానికి. నలుగురి డబ్బు, ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు అందులో పడ్డాయంటే అది నమూనా కాదు, బాధ్యత. ఆధార్ నంబర్లు, నిజమైన పేర్లు పెట్టి పరీక్షించొద్దు, ఉత్త పేర్లు పెట్టుకోండి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. మనిషి సమాచారం తీసుకునేముందు ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం దాని మూల సూత్రాల్లో ఒకటి. చెరకు కూలీ అప్పు వివరం నలుగురికీ తెలిస్తే ఏమవుతుందో చట్టం చదవకపోయినా మనకు తెలుసు. పదిమంది నిజంగా వాడే దశ వస్తే, తెలిసిన డెవలపర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. అది చిన్నతనం కాదు.

మరి జాబ్?

సూటిగా చెబుతా. ఒక నమూనా చేసినంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా తీసుకోరు. అలా చెప్పి ఫీజులు గుంజేవాళ్లకు దూరంగా ఉండండి. '30 రోజుల్లో ఏఐ డెవలపర్, జాబ్ గ్యారంటీ' అన్న పోస్టర్ చూసి నేనూ ఒకప్పుడు డబ్బు కట్టినవాణ్నే. చివరికి మిగిలింది రంగుల సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో దాన్ని ఒక్కరు కూడా తిప్పి చూడలేదు. ఇంట్లోవాళ్లు పత్తి అమ్మిన డబ్బు అది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

కానీ మీరు అకౌంట్స్, బ్యాంకింగ్, సేల్స్, హెచ్‌ఆర్, ఎన్జీఓ, ఆస్పత్రి పరిపాలన.. ఏ పనికి పోయినా, 'మా ఆఫీసులో ఈ పని చేతితో చేస్తే రెండు రోజులు పడుతోంది, ఇదిగో నమూనా చేశా' అనగలిగే మనిషి వేరుగా కనబడతాడు. అంటే మీ ప్రధాన బలం మీ సబ్జెక్టే. ఏఐ దానికి పక్క వాయిద్యం.

రెజ్యూమేలో 'ఏఐ టూల్స్ తెలుసు' అని రాయకండి, అందరూ రాస్తారు. దాని బదులు నాలుగు లైన్లు రాయండి: ఎవరి సమస్య, మీరు చేసింది ఏమిటి, వాడినవాళ్లు ఏమన్నారు, ఏది తప్పయింది, ఎలా సరిచేశారు. ఆ తప్పు గురించిన లైను దాచకండి. ఇంటర్వ్యూలో అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది. కోడ్ మీరే రాశారా అని అడిగితే, 'లేదు సార్, ఏఐ రాసింది. ఏం రాయాలో నేను చెప్పా, లెక్క నేను పరీక్షించా' అని నిజం చెప్పండి. అబద్ధం చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పునాదులు మాత్రం వదలొద్దు. ఒక పట్టికలో సమాచారం ఎట్లా అమర్చాలి, ప్రతి మనిషికీ, ప్రతి వస్తువుకూ వేరే నంబర్ ఎందుకుండాలి, 'ఇలా అయితే అలా చేయి' అన్న తర్కం ఎట్లా రాస్తారు, ఎర్రర్ వస్తే ఎట్లా చదవాలి, పాత వెర్షన్ ఎట్లా దాచుకోవాలి. ఈ ఐదూ నేర్చుకోండి. గూగుల్ షీట్స్‌లో మొదలుపెట్టి, దానికే యాప్స్ స్క్రిప్ట్ జోడించొచ్చు. ఇంకా లోతుకు పోవాలనిపిస్తే స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు, హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠాలు పైసా కట్టకుండా వినొచ్చు. ల్యాప్‌టాప్ లేదా? కాగితం మీద పని, ఇంటర్వ్యూలు, ఆ ఒక్క పేజీ రాయడం అన్నీ ఫోన్‌తోనే అవుతాయి. మిగతాది కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు గంటలు దొరికినా నడుస్తుంది.

మన బస్సు హైదరాబాద్ పోతుంటే సంగారెడ్డి దాటాక కంది దగ్గర ఐఐటీ కనబడుతుంది. 2019లో అక్కడ ఏఐలో ప్రత్యేకంగా బీటెక్ కోర్సు మొదలుపెట్టారు. బస్సు కిటికీలోంచి దాన్ని చూస్తూ 'అది మనలాంటోళ్లది కాదు' అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ లోపల జరిగే పరిశోధన వేరే, దానికి ఆ చదువే కావాలి. కానీ అలాంటి చోట్ల పుట్టిన పనిముట్టు ఇవాళ మీ జేబులో ఉంది. దానికి తండాలో లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియదు. మీకు తెలుసు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఇంట్లోనో, పక్కింట్లోనో, ఊళ్లోనో చేతిరాత పుస్తకంతో పని నడిపేవాళ్ల దగ్గరికి పోండి. పాల కేంద్రం కావచ్చు, పొదుపు సంఘం కావచ్చు, కిరాణా దుకాణం కావచ్చు. ఆ పుస్తకం ఒకసారి చూపించమని అడగండి. పేరు పక్కన రాసిన ప్రతి చిన్న గుర్తు ఎందుకుందో తెలుసుకోండి. తెలిశాకే ఏఐ తెరవండి.